లెఫ్ట్ వింగ్‌కి ఐదు మార్కులు

పలాస టౌన్ క్లబ్ సెమీఫైనల్ గెలిచిన ఆదివారం సాయంత్రం, టెక్కలి వెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చుని నాగసుధ ఆటగాళ్ళకి మార్కులు వేస్తోంది.

ఇచ్ఛాపురం మీద రెండు–ఒకటి. ఆట ఇంకో నాలుగు నిమిషాల్లో ముగుస్తుందనగా వరుణ్ కొట్టిన గోలుతో గెలిచారు. కాశీబుగ్గ గ్రౌండ్ చుట్టూ నిలబడ్డ జనమంతా తాడు దాటి లోపలికి పరిగెత్తారు. డప్పులు మోగాయి. వరుణ్‌ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. నాగసుధ మాత్రం సిమెంటు మెట్ల మీద కూర్చున్న చోటే కూర్చుని, గాలిలో వేలాడుతున్న అతని కాళ్ళకేసి చూస్తూ ఉండిపోయింది.

ఆమెకి నలభై నాలుగేళ్ళు. టెక్కలిలో ఒక ప్రభుత్వ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. పుట్టిల్లు రావివలస, గుడిలో అర్చకత్వం చేసుకునే కుటుంబం. ఆ ఇంట్లో ఫుట్‌బాల్ గురించి మాట్లాడిన మనిషి లేడు. ఆట ఆమె జీవితంలోకి పెళ్ళితో వచ్చింది. భర్త జగన్మోహనరావు హైస్కూల్లో హిందీ మాస్టారు. బరంపురంలో చదువుకున్న రోజుల్లో ఆయనకి పట్టిన పిచ్చి అది. పెళ్ళయిన కొత్తలో, ఇంట్లో ఒక్కర్తీ ఉండలేక ఆయన స్కూటరు వెనకెక్కి కాశీబుగ్గ వచ్చేది. రెండో ఏడు తిరిగేసరికి ఆఫ్‌సైడు అని రిఫరీ కన్నా ముందు ఆమే చెప్పేది. పిల్లలు కలగలేదు. ఆదివారాలు ఉండేవి.

ఆట అయ్యాక తిరుగుదారంతా మార్కులే. హైవే గాలికి మాట వినపడక ఆయన సగం తల వెనక్కి తిప్పి అరిచేవాడు.

"చెప్పండి మేడమ్, గోలీకి ఎంత?"

"ఆరు."

"ఆరేనా? రెండు బంతులాపాడు కదే!"

"ఒకటి వాడి మీదకే వచ్చింది. అడ్డం తప్పుకోలేక ఆపాడు."

ఆయన ఎవరికైనా ఏడుకి తక్కువ వేసేవాడు కాదు. పరీక్ష పేపర్లు దిద్దినా అంతే. ఆమె పిసినారి. ఇద్దరూ వాదించుకుంటూ టెక్కలి చేరేసరికి ఇంటి తాళం తియ్యడం కూడా మరిచిపోయి గుమ్మంలో నిలబడి మాట్లాడుకునేవాళ్ళు.

జగన్మోహనరావు పోయి ఐదేళ్ళయింది. పాదాలు వాస్తుంటే, క్లాసులో గంటల తరబడి నిలబడతాం కదా అదే, అనుకున్నాడు. ఆకలి తగ్గితే ఎండలన్నాడు. ఆసుపత్రికి వెళ్ళేటప్పటికి రెండు కిడ్నీలూ చెడిపోయాయి. ఉద్దానం వైపు ఇలా పోయినవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. అందుకని ఎవరూ ఆమెని ఎలా జరిగిందని అడగలేదు. ఆమె ఎవరికీ చెప్పలేదు. ప్రతి ఆదివారం గ్రౌండ్‌లో ఇరవై రెండు మంది కాళ్ళు కనిపెట్టి చూసిన తను, పక్కన కూర్చున్న మనిషి చెప్పులు బిగుతవడం చూడలేదన్న సంగతి మాత్రం ఐదేళ్ళుగా లోపల అలాగే ఉండిపోయింది.

ఆయన పోయాక ఒక ఏడాది గ్రౌండ్ మొహం చూడలేదు. తరవాత ఒక ఆదివారం ఇంట్లో గోడలకేసి చూస్తూ కూర్చోలేక బస్సెక్కింది. ఆట బాగుంది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో పక్క సీటులో ఎవరో కొబ్బరికాయల బస్తా పెట్టుకుని నిద్రపోతున్నారు. గోలీకి ఎంతో చెప్పడానికి ఎవరూ లేరు. అప్పుడు ఫోన్ తీసి, క్లబ్ అభిమానులు నడుపుకునే ఫేస్‌బుక్ పేజీలో 'ఆదివారం ప్రేక్షకుడు' అని పేరు పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది. ఆ పేరు చూసి అందరూ మగమనిషనే అనుకున్నారు. ఎవరో రిటైరైన డ్రిల్లు మాస్టారని ఒకరు తేల్చేశారు కూడా. ఆమె కాదనలేదు.

సెమీఫైనల్ రోజు బస్సులో ఇలా రాసింది.

'గోల్‌కీపర్ తవిటయ్య – ఎనిమిది. మొదటి సగంలో ఆపిన రెండు బంతులూ వలలో పడాల్సినవే. కానీ బంతి తన్నిన ప్రతిసారీ ఒకే చోట పడుతోంది. ఇచ్ఛాపురం వాళ్ళకి ఆ సంగతి అరగంటకి తెలిసింది. ఫైనల్లో వచ్చేవాళ్ళకి ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

కెప్టెన్ కౌశిక్ – ఏడు. పసుపు కార్డు చూపించాక కూడా కోపం తెచ్చుకోలేదు. బంతి అందుకోకముందే చుట్టూ చూసుకుంటున్నాడు. నెల కిందట ఇలా లేడు.

అభిరామ్ – ఆరు. మొదటి గోలు కొట్టాడు కాబట్టి ఆరు. లేకపోతే నాలుగు. డిఫెండర్ల చాటున నిలబడి బంతి దానంతటదే వస్తుందని ఎదురుచూశాడు.'

వరుణ్ దగ్గరకొచ్చేసరికి వేలు ఆగింది.

వరుణ్ కంచిలి వైపు కుర్రాడు. ఇరవై మూడేళ్ళుంటాయి. వాళ్ళకి కొబ్బరితోటలు, జీడితోటలు ఉన్నాయి. ఎడమవైపు గీత వెంబడి అతను పరిగెడుతుంటే బంతి కాలికి కట్టేసినట్టుండేది. ఈ నాలుగేళ్ళలో ఆమె తొమ్మిది మార్కులు వేసింది అతనొక్కడికే. జగన్మోహనరావు ఉంటే పది వేసేవాడని అనుకునేది. అలాంటివాడు ఇవాళ బంతి కాలి దగ్గరికి రాగానే పక్కవాడికి ఇచ్చేస్తున్నాడు. గోలు కొట్టాక కూడా పరిగెత్తలేదు, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయాడు. విరామంలో బూట్ల తాళ్ళు వదులు చేసుకున్నాడు. ఆట మధ్యలో మళ్ళీ వంగి ఇంకొంచెం వదులు చేసుకున్నాడు. చివర్లో బూట్లు విప్పి సాక్సు కిందికి లాగినప్పుడు, ఆమె కూర్చున్న మెట్టు నుంచి పది అడుగుల దూరంలో, కాలిపిక్క చుట్టూ తాడు కట్టి విప్పినంత లోతుగా గాడి కనిపించింది.

రాసింది, చెరిపింది. టెక్కలిలో దిగేవాళ్ళు ముందుకి రమ్మని కండక్టరు కేకేస్తుండగా ఆఖరికి ఇలా పెట్టింది.

'వరుణ్ – ఐదు. గెలిపించిన గోలు అతనిదే, కాదనను. కానీ రెండు నెలల కిందటి వరుణ్ కాదితను. ఫామ్ పడిపోయింది. ఇది బద్ధకం కాదు. ఒంట్లో బాగోలేదు. ఫైనల్‌కి ముందు విశ్రాంతి ఇచ్చి డాక్టరుకి చూపించాలి.'

మర్నాడు ఆఫీసులో భోజనాల వేళకి ఫోన్ తీసి చూస్తే కింద నూటపది కామెంట్లున్నాయి. ఎప్పుడూ పదీ పన్నెండూ ఉండేవి. గెలిపించినోడికి ఐదా అని ఒకడు. ఇచ్ఛాపురపోడివేటి నువ్వు అని ఇంకొకడు. బూతులు కొన్ని. అన్నిటికన్నా కింద వరుణ్ పేరుతోనే ఒకటి ఉంది.

'నువ్వెవుడివో గానీ నీకు దమ్ముంటే బుధవారం ప్రాక్టీసుకి రా. నా ఒంట్లో ఏటి బాగోనేదో నా ముందు సెప్పు.'

బుధవారం ఆమె సగం రోజు సెలవు పెట్టింది.

గ్రౌండ్‌కి చేరేసరికి నాలుగైంది. కుర్రాళ్ళు రెండు వరసలుగా పరిగెడుతున్నారు. భుజాన ఆఫీసు బ్యాగుతో, చేతిలో గొడుగుతో మెట్ల దగ్గర నిలబడిన ఆమెని చూసి, ఎవరికో తల్లి అయ్యుంటుందని ఎవరూ పట్టించుకోలేదు. వరుణ్ నీళ్ళ కోసం ఇటు వచ్చినప్పుడు పిలిచింది.

"బాబూ, ఒక్క నిమిషం. నువ్వు రమ్మన్నావు కదా, వచ్చాను."

"నానెప్పుడు రమ్మన్నానండి మిమ్మల్ని?"

"ఆదివారం ప్రేక్షకుణ్ణి నేనే."

అతను ఆమెని ఎగాదిగా చూశాడు. ముందు నవ్వొచ్చింది, తరవాత మొహం ఎర్రబడింది. "మీరా? మీరేనా ఆ రాతలన్నీ రాసీది? ఆడోలని తెలిత్తే అలాగ రాయకపోదును. సరే, ఇప్పుడు సెప్పండి. నాకేటైనాది?"

"నీకు ఏమైందో నాకు తెలీదు. కాళ్ళు వాస్తున్నాయా?"

అతను వంగి సాక్సు పైకి లాక్కున్నాడు.

"పొద్దున్న బాగానే ఉండి, సాయంకాలానికి బూటు బిగుతవుతోంది. అవునా?"

"మోకాలు నొప్పండి. అంతే. మందుల షాపులో బిల్లలిచ్చినారు. ఏసుకుంటే ఆడగలుగుతన్నాను."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మూడు నెల్ల బట్టి. మేచ్ ఉంటే రెండు, ప్రాక్టీసుకైతే ఒకటి."

నాగసుధ గొడుగు మెట్టు మీద పెట్టింది. "ఆ బిళ్ళలు ఇవాళే ఆపెయ్యి బాబూ. రేపు పొద్దున్నే క్రియాటినిన్ పరీక్ష చేయించుకో. పలాసలో గంటలో చెప్పేస్తారు."

ఆ ఊళ్ళలో పెరిగిన ఏ పిల్లాడికీ అది కిడ్నీల పరీక్ష అని విడమరిచి చెప్పక్కర్లేదు. వరుణ్ చేతిలో నీళ్ళ సీసా వంగి నీళ్ళు బూటు మీద పడుతున్నాయి, అతను చూసుకోలేదు.

"ఆ మాట తియ్యకండి. మా ఇంట్లో ఎవులికీ నేదది. మీకు తెల్దేమో, ఫైనల్ సూడ్డానికి స్పోర్ట్స్ కోటా ఉజ్జోగాల సెలక్షనోలు వత్తన్నారు. నాలుగేల్ల బట్టీ దీని కోసమే ఆడతన్నాను. ఇప్పుడు ఈడికి రోగముందట అన్న మాట బయటికెల్తే నా బతుకేటి?"

"ఎవరికీ చెప్పను. నువ్వు పరీక్ష చేయించుకుంటే చాలు."

"అసలు మీరెవులండి నాకు? మార్కులేసుకోండి. ఐదు కాకపోతే సున్నా ఏసుకోండి. నా ఒల్లు మీకెందుకు?"

సీసా గడ్డిలోకి విసిరి వరసలోకి పరిగెత్తాడు. అందరికన్నా ముందుకి, కసిగా. ఒక రౌండు పూర్తయ్యేసరికి వెనకబడ్డాడు.

బస్సులో తిరిగొస్తూ అతనడిగిన ప్రశ్నే ఆలోచించింది. నిజమే, తను అతనికి ఎవరూ కాదు. నాలుగేళ్ళుగా వారం వారం చూస్తున్నా, అతను తనతో మాట్లాడింది ఇవాళే. ఎవరికీ చెప్పనని మాట కూడా ఇచ్చింది. గురువారం అలాగే గడిచింది. ఫైళ్ళలో ఒకే కాగితం మూడుసార్లు చదివింది. శుక్రవారం పొద్దున్న ఇంక ఉండబట్టలేక, పేజీలో ఉన్న నంబరు పట్టుకుని కోచ్ భాస్కరరావుకి ఫోన్ చేసింది. ఆయన ఒకప్పుడు జిల్లా జట్టుకి ఆడినవాడు. ఇప్పుడు సొంత డబ్బుతో క్లబ్బు నడుపుతున్నాడు.

అంతా విన్నాక ఆయన ముందు అడిగింది వేరే సంగతి.

"ఆ రాతలు మీరేటమ్మా రాసీది? నాను ఎవులో బాగా ఆడినోడనుకున్నాను." గొంతు సవరించుకున్నాడు. "సూడండమ్మా, ఎల్లుండే ఫైనల్. ఆ కుర్రోడికి ఇదే ఆకరి ఛాన్సు, వొయిసు దాటిపోద్ది. ఈ ఒక్క మేచ్ ఆడనిచ్చి, సోమవారం నానే ఆసుపత్రికి తీసుకెల్తాను. రెండ్రోజుల్లో ఏటైపోద్ది?"

"మా ఆయన కూడా అలాగే అన్నారండి. పదో తరగతి పరీక్షలయ్యాక చూపించుకుంటానన్నారు. పిల్లల పరీక్షలు అయ్యాయి. అందరూ పాసయ్యారు."

ఆయన ఏదో అనబోయాడు, ఆమె ఆగలేదు.

"ఆదివారం ఆటకి ముందు వాడు రెండు నొప్పి బిళ్ళలు, కిడ్నీలకి విషం లాంటివి, వేసుకుంటాడండి," అందామె. "ఎండలో గంటన్నర పరిగెడతాడు. ఆ తరవాత పరీక్ష చేయిస్తే ఏమొస్తుందో నాకు తెలీదు. మీ ఇష్టం."

శనివారం పొద్దున్న భాస్కరరావు వరుణ్‌ని బండి మీద ఎక్కించుకుని, ఎక్కడికో చెప్పకుండా తీసుకెళ్ళి రక్తం ఇప్పించాడు. పదకొండు గంటలకి ఆమె ఫోన్‌కి ఒక్క ముక్క వచ్చింది. 'రెండు పాయింట్ ఏడు.' ఒకటికి అటూ ఇటూగా ఉండాల్సిన అంకె అది. ఆమె ఆఫీసు వరండాలోకి వచ్చి, ఎవరూ లేని వైపు తిరిగి నిలబడింది.

ఫైనల్లో వరుణ్ ఆడలేదు. అతని చోట సోంపేట కుర్రాడొకణ్ణి దించారు. గోల్స్ లేకుండా ఆట ముగిసింది. పెనాల్టీల్లో పలాస గెలిచింది. తవిటయ్య రెండు ఆపాడు. సెలక్షన్‌కి వచ్చినవాళ్ళు అభిరామ్ పేరు, కౌశిక్ పేరు రాసుకు వెళ్ళారని మెట్ల మీద చెప్పుకున్నారు. నాగసుధ ఆట కన్నా జనాన్నే ఎక్కువ చూసింది. వరుణ్ ఎక్కడా కనపడలేదు.

ఆ రోజు బస్సులో ఫోన్ తియ్యలేదు. పేజీలో చాలామంది అడిగారు, ప్రేక్షకుడుగారి మార్కులేవని. మర్నాటికి ఆ ప్రేక్షకుడెవరో కూడా తెలిసిపోయింది. కోచ్ చెప్పాడో, ప్రాక్టీసులో విన్నవాళ్ళు చెప్పారో. టెక్కలి ఆఫీసులో పనిచేసే ఒకావిడట, ఆవిడే కోచ్‌కి చెప్పి ఆడనివ్వలేదట, అని రాసుకున్నారు. జబ్బు సంగతి మాత్రం ఎవరూ రాయలేదు. భాస్కరరావు గట్టిగా చెప్పి ఉంటాడు. దాంతో అందరికీ ఆమె తప్పే కనిపించింది. పాపిష్టి కళ్ళు అని ఎవరో పెట్టిన కామెంటు చదివి, ఆమె పేజీలోంచి బయటికొచ్చేసింది. మార్చిలో క్లబ్ రెండు స్నేహపూర్వక మ్యాచ్‌లు ఆడింది. ఆమె వెళ్ళలేదు. ఆదివారాలు బట్టలుతుక్కునేది, ఇల్లు కడిగేది, రెండయ్యేసరికి చెయ్యడానికి పనేదీ ఉండేది కాదు.

ఏప్రిల్‌లో ఒక శనివారం మధ్యాహ్నం ఎవరో తలుపు తట్టారు. యాభై ఏళ్ళ మనిషి, ముదురాకుపచ్చ చీర, చేతిలో బరువైన గోనెసంచి, మెట్లెక్కిన ఆయాసం.

"నాగసుధమ్మ ఇల్లిదేనా? నాను గౌరీశ్వరిని. వరుణ్ అమ్మని."

నాగసుధ తలుపు పూర్తిగా తీసింది. పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది. తిట్టడానికే వచ్చి ఉంటుందనుకుంది, తిట్టించుకోవడానికి సిద్ధపడి ఎదురుగా కుర్చీలో కూర్చుంది. గౌరీశ్వరి సంచిలోంచి కొబ్బరికాయలు ఒక్కొక్కటే తీసి గోడవార పేర్చింది. తొమ్మిది.

"కోచ్ గారినడిగి అడ్రసు పట్టుకున్నాను. ముందే రావలిసింది. రెండు నెల్లు ఆసుపత్రి సుట్టూ తిరగడానికే సరిపోనాది."

"ఎలా ఉన్నాడమ్మా?"

"ఆ బిల్లలు మానేసినాక దిగినాదమ్మా. రెండు పాయింట్ ఏడుండీది, మొన్న ఒకటి పాయింట్ తొమ్మిది వచ్చినాది. ఇంకా దిగొచ్చునంతన్నారు. డయాలిసిస్ మాటే నేదట. ఇంకో మూడు నెల్లు అలాగే ఆ బిల్లలు మింగుంతే మాత్రం సేతిలో ఏటీ ఉండకపోనని డాక్టరమ్మ నా ఎదరే సెప్పినాది." ఆమె కళ్ళు తుడుచుకోలేదు, అలాగే వదిలేసింది. "ఆట మాత్రం ఇంక వొద్దన్నారు."

"ఏం చేస్తున్నాడు?"

"తోటకెల్తాడు. వత్తాడు. మాటాడడు. అభిరామ్‌కి ఉజ్జోగం కాయితం వచ్చిందని తెలిసిన్నాడు బూట్లు పట్టుకెల్లి నూతిలో పారీసినాడు." ఖాళీ గోనెసంచి మడతపెట్టింది. "నీ పేరెత్తితే లెగిసి ఎలిపోతన్నాడమ్మా. కోపం. ఎంత సెప్పినా ఇనడు. నాకు మాత్రం కోపం నేదు. ఆ ముక్క సెప్పడానికొచ్చినాను."

నాగసుధ లేచి టీ పెట్టింది. పంచదార కొంత కింద పోసింది. గౌరీశ్వరి వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

"కన్నతల్లిని, రోజూ అన్నం పెడతన్నాను, నాకు కనపడనేదు. నీకెలాగ తెలిసినాదమ్మా?"

పాలు పొంగుతున్నాయి. నాగసుధ స్టౌ కట్టేసి, అక్కడే నిలబడి, ఐదేళ్ళలో మొదటిసారి చెప్పింది. చెప్పుల సంగతి చెప్పింది. ఆయన కొత్త చెప్పులు కొనుక్కుంటే, పాతవి బాగానే ఉన్నాయి కదా ఎందుకు దండగ అని తను విసుక్కున్న సంగతి చెప్పింది. స్కూటరు మీద వస్తూ ఎవరి కాలు ఎంత బాగుందో వాదించుకున్న సంగతి చెప్పింది.

"ఓలమ్మా," అంది గౌరీశ్వరి. దగ్గరికొచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుంది. ఇద్దరూ టీ చల్లారిపోయేదాకా అలాగే నిలబడ్డారు.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో చెప్పింది. "కిందనున్నాడు. బండి మీద ఆడే దింపినాడు. పైకి రారా అన్నాను. రానన్నాడు."

నాగసుధ వరండా గోడ దగ్గరికి వచ్చి కిందికి చూసింది. గేటు ముందు చెట్టు నీడన బండి మీద కూర్చుని వరుణ్ ఫోన్ చూసుకుంటున్నాడు. కొంచెం చిక్కాడు. రబ్బరు చెప్పుల్లో పాదాలు ఎముకలు కనపడేంత సన్నగా ఉన్నాయి. తల్లి వచ్చి వెనక కూర్చుని, అతని భుజం తట్టి, పైకి చెయ్యి చూపించింది. అతను పైకి చూడలేదు. బండి స్టార్టు చేసి హైవే వైపు తిప్పుకున్నాడు.

బండి చప్పుడు పూర్తిగా వినపడకుండా పోయేదాకా ఆమె గోడ దగ్గరే ఉంది. ఇంట్లోకి వచ్చి రెండు గ్లాసులూ కడిగి బోర్లించింది. గోడవార తొమ్మిది కాయలున్నాయి. ఒక్క మనిషి వాటినేం చేసుకుంటుంది? నాలుగు తీసి సంచిలో వేసుకుని పక్క వాటా తలుపు తట్టింది. అక్కడ వేదవతి టీచరుగారు, రిటైరై ఒక్కరే ఉంటారు. ఎదురుపడితే నవ్వుకోవడమే గానీ మూడేళ్ళలో నాగసుధ ఆ గుమ్మం తొక్కలేదు.

"ఏటమ్మా, ఇన్నాళ్ళకి దారి తెలిసిందా?" అన్నారు వేదవతి తలుపు తీసి. "రా, రా. కూర్చో."

లోపల టీవీలో క్రికెట్ వస్తోంది. నాగసుధకి క్రికెట్ అంటే పడదు. ఎవరు ఆడుతున్నారో కూడా తెలియలేదు. సంచి ఒళ్ళో పెట్టుకుని సోఫా చివర కూర్చుంది. వేదవతి స్కోరు చెప్పారు, ఆమె తల ఊపింది. ఓవరు అయ్యాక లేద్దామనుకుంది. ఓవరు అయింది. లేవలేదు.